పాత బోర్డే కావాలి

సర్వీసు సెంటరు గోడ మీది ఎర్ర అంకెలు ముప్పై తొమ్మిది దగ్గర ఆగి ఇరవై నిమిషాలయింది. అతని చేతిలో ఉన్న చీటీ నలభై ఏడు. అంటే ఇంకా ఎనిమిది మంది, ఒక్కొక్కరికి పది నిమిషాలేసుకున్నా, వద్దులే, లెక్కలెందుకు, సగం రోజు సెలవు ఎలాగూ పోయింది, స్కూల్లో ల్యాబు తాళాలు లెక్కల టీచరు చేతిలో పెట్టి వచ్చాడు, ఆవిడ పిల్లల్ని యాసిడ్ సీసాల జోలికి వెళ్ళనివ్వకపోతే అదే పదివేలు. కుర్చీలన్నీ ఒకే ఇనప కమ్మీకి బిగించినవి, ఆ చివర లావుపాటాయన కాలు ఊపుతుంటే ఈ చివర ఇతని పళ్ళు కదులుతున్నాయి. కాస్త ఆపండి సార్ అనాలనుంది, అనే ఓపిక లేదు. ఒళ్ళో అక్క కంప్యూటరు మదర్‌బోర్డు ఉన్న అట్టపెట్టె. మూడేళ్ళనాటిది, మూలలు కూడా నలగలేదు, లోపలి స్పాంజి అలాగే ఉంది, కొన్ననాటి రసీదు మూతకి లోపలివైపు అతికించి ఉంది. ఇంట్లో అలమరా మీద ఇలాంటి పెట్టెలు ముప్పై దాకా ఉంటాయి, అన్నీ ఖాళీవే. ఈ ఇంట్లో మనుషులకంటే ఖాళీ డబ్బాలే దర్జాగా బతుకుతున్నాయండీ అని భార్య దెప్పని నెల లేదు. పారేస్తే రేపు వారంటీ అడగడానికి ఏ మొహం పెట్టుకుని వెళ్తానే అనేవాడు. ఇదిగో, ఇవాళ పెట్టె ఉంది, రసీదు ఉంది, గడువు ఇంకా పదకొండు రోజులు మిగిలే ఉంది, మొహమే లేదు.

అసలు ఎప్పుడు తగులుకుంది ఈ పీడ. ముప్పై ఏళ్ళు కూడా లేవప్పుడు, భోజనాల బల్ల మీద వార్తాపత్రిక పరిచి, ముక్క ముక్కా కొనుక్కొచ్చి, తన కంప్యూటరు తానే బిగించుకున్నాడు. మీట నొక్కగానే వెలిగింది. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే కొంప ముంచాయి. ఆ తర్వాత బావమరిదికొకటి, పిన్ని కూతురికొకటి, మామగారికొకటి, ఇప్పటికి నలభై దాటాయి. షాపులో తయారుగా దొరికేదానికైతే ఒకటే వారంటీ, పోతే మూటగట్టి వాళ్ళ నెత్తిన పడేసి రావచ్చు. ఇంట్లో బిగించుకున్నదానికి ఎన్ని ముక్కలో అన్ని వారంటీలు, డిస్కుకి ఐదేళ్ళు, మదర్‌బోర్డుకి మూడు, ఫ్యానుకి ఒకటి, ఒక్కో కంపెనీ ఒక్కో వీధిలో, ఒక్కో చోట ఒక్కో చీటీ. బిగించినవాడికి మాత్రం గడువంటూ లేదు. బాబాయ్, కంప్యూటరు నత్తలా నడుస్తోంది. మావయ్యా, తెర నీలంగా వచ్చింది, నేనేం ముట్టుకోలేదు, ఒట్టు. మామగారు ఆస్పత్రి మంచం మీద, చేతికి సెలైన్ ఎక్కుతుండగా, అందరూ ఆయన చివరి మాటలేమో అని వంగితే, అల్లుడుగారూ ఆ ప్రింటరు సంగతి చూడలేదు మీరు, అన్నారు. తర్వాత పదేళ్ళు బతికారు, ప్రింటరు బతకలేదు. అందరికీ ఒకటే జవాబు చెప్పేవాడు, నేనున్నాగా. ఎంత తేలిగ్గా అనేసేవాడు. ఇప్పుడు ఫోను మోగితే చాలు, తీయకముందే ఒళ్ళు నీరసపడిపోతుంది.

ఇక ఆ లైసెన్సులు. సాఫ్ట్‌వేరు ఏదెక్కించినా ముందు బారెడు పత్రం చూపిస్తుంది, కింద చిన్న గడి, పూర్తిగా చదివాను, అంగీకరిస్తున్నాను. పిన్ని తరఫున అంగీకరించాడు, మామగారి తరఫున అంగీకరించాడు, ఊళ్ళో లేని బావమరిది తరఫున కూడా. ఎవరెవరి మాట ఎవరెవరికి ఇచ్చేశాడో దేవుడికే తెలియాలి. చదివిందెవడు గనక. ఇవాళ చదివాడు. చేసేదేమీ లేక, రసీదు వెనక చీమ తలకాయలంత అక్షరాలున్న కాగితం విప్పి, కళ్ళజోడు నుదుటికెత్తి, మొదటి మాట నుంచి చివరి మాటదాకా. బోర్డుని బాగుచేయడమా, మార్చి ఇవ్వడమా అన్నది పూర్తిగా సంస్థ ఇష్టం. మార్చి ఇచ్చిన పక్షంలో పాతది సంస్థ సొత్తు. వినియోగదారుడు బిగించడంలో చేసిన పొరపాటుకు ఈ హామీ వర్తించదు. మూడు వాక్యాలు. మూడూ కలిసి తనని మధ్యలో పెట్టి మూడు వైపులా తలుపులేసుకున్నాయి.

నలభై. అబ్బ, కదిలింది.

అక్క ఈపాటికి మిషను ముందు కూర్చుని ఉంటుంది. అక్క చెప్పులు కుడుతుంది. అందరి చెప్పులూ కావు, రెండు కాళ్ళూ ఒక్క పొడుగు లేనివాళ్ళవి, పాదం ఒక పక్కకి ఒరిగినవాళ్ళవి, చిన్నప్పుడు జ్వరమొచ్చి కాలు సన్నబడిపోయినవాళ్ళవి. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. కొలత అంటే పాదం గీత గీసుకోవడం ఒక్కటే కాదు కదా, ఎటువైపు ఎంత బరువు పడుతోంది, మడమ కింద ఎన్ని పొరలు వెయ్యాలి, ఏ పొర ఎంత మందం. ఆ పోస్టుమాన్ ఉన్నాడే, ఎడమ కాలు కురచ, మొదటి ఏడాది పదమూడు మిల్లీమీటర్లు ఎత్తు వేసింది, నడుం పట్టేస్తోందమ్మా అన్నాడు. తొమ్మిదికి దించింది, మోకాలు అన్నాడు. పదకొండు వేసి లోపలి అంచు కాస్త చెక్కాక ఇంకేమీ అనలేదు. ఏమీ అనకపోవడమే అక్కకి సన్మానం. అలా నాలుగు వందల పన్నెండు మంది. ఒక్కొక్కరి వెనకా ఏళ్ళ తరబడి వాళ్ళు పడ్డ నొప్పి, అక్క దిద్దుకున్న తప్పులు. ఏడాదికోసారి చెప్పు అరుగుతుంది, మళ్ళీ వస్తారు, అక్క కంప్యూటరులో వాళ్ళ పాదం తెరిచి, ఆ అంకెల ప్రకారం కోసి కుట్టి ఇస్తుంది. అంతకుముందు పుస్తకాలుండేవి, ఎర్ర అట్ట పుస్తకాలు పధ్నాలుగు. అన్నీ ఎక్కించేశాం కదక్కా, ఇంకా ఈ చెదల మేత ఎందుకు అని పాతకాగితాల వాడికి వేయించింది ఎవరయ్యా అంటే, ఇదిగో, టోకెన్ నలభై ఏడు.

ఆ సాఫ్ట్‌వేరు రాసిన పెద్దాయన వేరే ఊళ్ళో ఉండేవాడు. పెద్ద కంపెనీ ఏం కాదు, ఒక్కడే మనిషి, రిటైరయ్యాక కూతురి ఇంట్లో పైగదిలో కూర్చుని చెప్పుల వాళ్ళకోసం రాసిన సాఫ్ట్‌వేరు అది. బాగా రాశాడు, మహా ఖచ్చితమైనవాడు. ఎక్కించగానే తెర మీద బోర్డు నంబరు చూపించేది, ఆ నంబరు ఫోనులో చదివితే ఆయన తిరిగి ఒక కోడు చెప్పేవాడు, ఆ కోడు ఆ బోర్డు మీద తప్ప ఎక్కడా పనిచేయదు. ఒక బోర్డుకి ఒకటే లైసెన్సు నాయనా, నా దగ్గర మొహమాటాలు లేవు అనేవాడు. ఫోను పెట్టేముందు మాత్రం, మీ అక్కగారి పోస్టుమాన్ ఎలా నడుస్తున్నాడు అని అడిగేవాడు. పోయిన ఏడాది పోయాడు. మొన్న ఆ ఇంటికి ఫోను చేస్తే కూతురు ఎత్తింది, ఆ కోడు ఎలా లెక్క కట్టేవారో నాన్న ఎవరికీ చెప్పలేదండీ, ఇప్పటికి మీలాంటి వాళ్ళు ఆరుగురు అడిగారు అంటూ ఆవిడే క్షమాపణ చెప్పుకుంది. అక్క అంకెల ఫైళ్ళు భద్రంగానే ఉన్నాయి, తనే రెండు చోట్ల దాచాడు, కానీ ఆ సాఫ్ట్‌వేరు తెరుచుకుంటేనే అవి తెరుచుకుంటాయి, అది ఈ బోర్డు ఉంటేనే తెరుచుకుంటుంది, ఈ బోర్డు ఇదిగో ఒళ్ళో శవంలా ఉంది. ఇంకో లైసెన్సు తీసి పెడదామని రెండేళ్ళు అనుకున్నాడు. పోనీ ఒక్క ఆదివారం కూర్చుని అన్నీ ప్రింటు తీసి పెట్టినా సరిపోయేది. ఎన్ని ఆదివారాలు ఎవరెవరి ఇళ్ళలో ఎవరెవరి ప్రింటర్లకి ఊడిగం చేశాడు, సొంత అక్కకి ఒక్కటి దొరకలేదు.

నలభై రెండు. నలభై ఒకటి ఎవరో లేచి వెళ్ళిపోయినట్టున్నారు. లావుపాటాయన కాలు ఊపడం ఆపి నిద్రపోయాడు, అదృష్టవంతుడు.

పోయింది ఎలాగో అతనికి తెలుసు. అదీ బాధ. పోయిన వారం అక్క కంప్యూటరు రేకు డబ్బా, ఆ పాత క్యాబినెట్టు, తుప్పు పట్టిందని కొత్తది తెచ్చి అందులోకి మార్చాడు. క్యాబినెట్టు రేకు మీద చిన్న చిన్న ఇత్తడి స్టడ్లుంటాయి, వాటి మీద బోర్డు నిలబడుతుంది, బోర్డులో ఎక్కడ బెజ్జం ఉందో అక్కడే స్టడ్డు ఉండాలి, బెజ్జం లేని చోట ఒక్కటి మిగిలినా అది వెనకనుంచి గుచ్చుకుని బోర్డుని కాలుస్తుంది. ఈ పని కొత్తగా నేర్చుకునే ప్రతివాడికీ అతను చెప్పే మొదటి పాఠం, ముందు స్టడ్లు లెక్కపెట్టు. లెక్కపెట్టలేదు. నలభైసార్లు చేసిన పనే కదా అని, అక్కతో కబుర్లు చెబుతూ, చేతులు వాటంతటవే బిగించేశాయి. కొత్త క్యాబినెట్టులో నడిమధ్య ఒక స్టడ్డు ముందే బిగించి ఉంది. నాలుగు రోజులు నడిచింది, అయిదో రోజు కాలిన వాసన వేసింది. విప్పి చూస్తే బోర్డు వెనక మిరియపు గింజంత నల్లటి మచ్చ. అప్పుడైనా చెప్పాడా. అక్క గుమ్మంలో నిలబడి, ఏమైందిరా, అంది. కంపెనీ సరుకులక్కా ఇవన్నీ, ఇంతే అన్నాడు. నోరు దానంతటదే ఆడింది. ఇంటికొచ్చి దూది స్పిరిట్లో ముంచి ఆ మచ్చని రుద్ది రుద్ది తుడిచాడు. యాభై ఒక్క ఏళ్ళ మనిషి, బాత్రూము తలుపేసుకుని. ఈ మూడు రోజులూ అక్క ఆ కంపెనీ వాళ్ళని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది, వాళ్ళ చెప్పులు తెగ, వాళ్ళ కాళ్ళు బొబ్బలెక్క, నా నోట్లో మట్టి కొట్టారు కదరా అని. అతను పక్కన కూర్చుని తలాడించాడు.

ఇప్పుడేం కోరుకోవాలో కూడా తెలియడం లేదు. లోపల ఇంజనీరు మచ్చ పట్టుకుంటే, తప్పు నీదే పో అని బోర్డు వెనక్కిచ్చేస్తాడు. ఇస్తే, గడియారాల కొట్టు పక్క సందులో బోర్డులు అతికే మేస్త్రీ ఉన్నాడు, పదింటిలో రెండు బతికిస్తాడని పేరు, బతికితే అదే బోర్డు, అదే నంబరు. పట్టుకోకపోతే కొత్త బోర్డు చేతిలో పెడతారు, పాతది చెత్తలోకి, దానితోపాటు నాలుగు వందల పన్నెండు మంది పాదాలు. కానీ తన పేరు కడిగిన ముత్యం. నేనేం చెయ్యను అక్కా, కంపెనీ వాళ్ళు మార్చిచ్చేశారు, పెద్దాయన పోయాడు, అంతా మన ఖర్మ. అక్క నమ్ముతుంది. జీవితాంతం కంపెనీనే తిడుతుంది. ఎంత హాయి. ఇన్నాళ్ళూ అందరికీ తనే హామీగా నిలబడ్డాడు, ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, తప్పు ఇంకొకడి నెత్తిన వేసి కళ్ళు మూసుకుంటే ఏమవుతుంది. అలసిపోయాడు మరి. ఈ కుర్చీలోనే ఇలాగే ఒరిగి, ఎవరి ఫోనూ రాని చోట ఒక నెల్లాళ్ళు నిద్రపోవాలనుంది.

నలభై ఏడు.

కౌంటరు వెనక అమ్మాయి, మెడలో కంపెనీ పట్టీ, కళ్ళ కింద తనకున్నట్టే నలుపు. పెట్టె తీసుకుని, రసీదు చూసి, ఇంత జాగ్రత్తగా దాచినవాళ్ళు ఎవరూ ఉండరు సార్, అంది. పావుగంట కూర్చోండి, లోపల చూస్తారు. పావుగంట కూర్చున్నాడు. గాజు తలుపు అవతల ఎవరో బోర్డుని దీపం కింద పెట్టి ఇటూ అటూ తిప్పుతున్నారు. అది చూడలేక అతను నేల వంక చూశాడు. నేల మీద ఎన్ని కాళ్ళో. ఒకరి కుడి మడమ బయటివైపు అరిగిపోయింది, ఒకావిడ ఎడమ కాలు ఈడుస్తోంది. అక్క తమ్ముడికి ఈ కళ్ళు ఊరికే వచ్చాయి, నేర్చుకోకుండానే. మొదటిసారి పదకొండు మిల్లీమీటర్ల చెప్పు వేసుకున్నరోజు ఆ పోస్టుమాన్ వాకిట్లో అటూ ఇటూ నడిచి, ఆగి, మళ్ళీ నడిచి, ఏమీ అనకుండా కండువాతో మొహం తుడుచుకున్నాడు. అది చూసి అక్క విసుక్కుంది, ఏడుస్తారేంటండీ, బాగోకపోతే చెప్పండి.

“సార్, మీ క్లెయిమ్ ఓకే అయింది,” అంది ఆ అమ్మాయి. “ఈ మోడలు ఇప్పుడు రావట్లేదు. దీనికంటే పై మోడలు ఇస్తున్నాం. ఇక్కడో సంతకం పెట్టండి.”

పట్టుకోలేదు. అంత బాగా తుడిచాడన్నమాట. ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయింది, నిజం చెప్పాలంటే ఆ ఒక్క క్షణం అతనికి సంతోషమే కలిగింది, ఆ సంతోషానికి తనమీద తనకే అసహ్యమేసింది.

“పాతదే బాగుచెయ్యరా అమ్మా?”

“ఇక్కడ బాగుచెయ్యం సార్. మార్చడమే.”

“మరి అది?”

“సాయంత్రం స్క్రాపులోకి పోతుంది. ముక్కలు చేసేస్తారు.”

కలం అందించింది. గీత దగ్గర చిన్న గడి, చదివాను, అంగీకరిస్తున్నాను. వేళ్ళు అలవాటుగా ముందుకెళ్ళాయి. ఎన్ని వందలసార్లు ఇలా టిక్కు కొట్టి ఉంటాడు. సాయంత్రం ముక్కలు చేసేస్తారట. చేయి ఆగింది.

“నాకు పాత బోర్డే కావాలి.”

“పోయినదాన్ని ఏం చేసుకుంటారు సార్?” అంది ఆ అమ్మాయి. నవ్వబోయి అతని మొహం చూసి ఆగిపోయింది. “క్లెయిమ్ వెనక్కి తీసుకుంటే మళ్ళీ వారంటీ రాదు. ఆలోచించుకోండి. కారణం కూడా రాయాలి.”

ఇచ్చిన కాగితం మీద, ల్యాబులో సీసాలకి పేర్లు రాసే గుండ్రటి చేతిరాతతో రాశాడు. కొత్త క్యాబినెట్టులో బిగించేటప్పుడు ఒక స్టడ్డు చూసుకోలేదు. బోర్డు నా వల్లే పోయింది. మచ్చ తుడిచింది కూడా నేనే. ఆ అమ్మాయి చదివి, గొంతు తగ్గించి, “ఆ చివరి మాట అక్కర్లేదు సార్, కొట్టేయనా?” అంది. “ఉండనీ అమ్మా,” అన్నాడు. పాత బోర్డు పాత పెట్టెలో తిరిగి వచ్చింది. బయట మెట్ల మలుపులో, కింద కర్టెన్ల కొట్టువాళ్ళు ఎవరికో గజాలు కొలుస్తుంటే, గోడకి చేరబడి ఫోను తీశాడు. మేస్త్రీ దగ్గరికి వెళ్ళొచ్చాక చెప్పొచ్చు కదా అని బుద్ధి ఇంకా నసుగుతూనే ఉంది. బతికితే అసలు చెప్పనే అక్కర్లేదు కదా అని కూడా. నొక్కేశాడు.

అవతల కుట్టుమిషను చప్పుడు. చెప్పరా, మార్చారా దరిద్రులు, అంటూ ఎత్తింది అక్క. అతను చెప్పాడు. నీళ్ళు నమల్లేదు, స్టడ్డు సంగతి, మచ్చ సంగతి, స్పిరిట్టు సంగతి, కొత్తది ఇస్తానన్నారు వద్దన్నాను, మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్తున్నాను, బతుకుతుందని నమ్మకం లేదు, అన్నీ ఒక్క ఊపిరిలో. కుట్టుమిషను ఆగిపోయింది.

“మూడు రోజులు,” అంది అక్క. “మూడు రోజులు నాచేత ఆ కంపెనీ వాళ్ళని తిట్టించావు కదరా.”

“అవునక్కా.”

“ఇవాళ పొద్దున కూడా తిట్టాను. నువ్వు తలాడించావు.”

“అవును.”

“పాపం వాళ్ళు ఏం చేశారురా?” అంది. “మేస్త్రీ బతికిస్తే సరే. బతికించకపోతే? ఒక్కొక్కరినీ మళ్ళీ పిలవాలి. మొదటి నుంచి కొలవాలి. కింద కూర్చోవడానికి నాకు మోకాళ్ళు లేవు. నీకున్నాయి. నువ్వొచ్చి కూర్చో. ఎందుకు మళ్ళీ కొలుస్తున్నామో వచ్చినవాళ్ళందరికీ నువ్వే చెప్పు. నేను చెప్పను.”

“చెప్తాను.”

“నాలుగు వందల మందికీ చెప్పాలిరా.”

“చెప్తానక్కా.”

ఇంకేదో అనాలి, తప్పయిపోయిందని అనాలి. అవతల అక్క ఫోను పెట్టేయలేదు. అతనూ పెట్టేయలేదు, మెట్టు మీద కూర్చుండిపోయాడు. పైకి వెళ్ళేవాళ్ళు పెట్టె తగలకుండా పక్కనుంచి వెళ్తున్నారు.

“పోస్టుమాన్ ఇవాళే వస్తున్నాడు,” అంది అక్క చివరికి. “నువ్వెప్పుడొస్తావు?”

“నాలుగింటికి.”

“మూడున్నరకి రా. ఆయన ముందే వచ్చేస్తాడు.”